గళ్లు గీయండి... లెక్క తేలుతుంది!

‘రమ్య, కిరణ్‌ల దగ్గరున్న డబ్బుల నిష్పత్తి 3:4. అమ్మమ్మ రమ్యకు 50 రూపాయలు ఇచ్చింది. ఇప్పుడు ఆ నిష్పత్తి 5:6 అయింది. మొదట ఎవరి దగ్గర ఎంత ఉంది?’

ఈ లెక్క చూడగానే పెద్దవాళ్ల నోట వచ్చే మొదటి మాట ‘ఎక్స్ అనుకో’. పక్కన కూర్చున్న పిల్లాడేమో బిక్కమొహం వేస్తాడు. ‘ఎక్స్ ఎందుకనుకోవాలి? ఎక్కణ్నుంచి వచ్చింది?’ అని వాడి సందేహం. అదే సింగపూర్‌లో అయితే పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఎక్స్ జోలికే పోరు. పెన్సిల్ తీసుకుని పొడుగ్గా రెండు పట్టీలు గీస్తారు. వాటిని గళ్లుగా విడగొడతారు. లెక్క తేల్చేస్తారు! బార్ మోడల్ అని ప్రపంచమంతా పిలుచుకుంటున్న ఆ గళ్ల కథేంటో చూద్దాం.

ఎక్కాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లలు కూడా వర్డ్ ప్రాబ్లమ్ అనగానే తడబడతారు. కూడడం రాక కాదు, భాగించడం రాక కాదు. ఎక్కడ కూడాలో, ఎక్కడ భాగించాలో తెలియక. అందుకే చాలామంది ఓ అడ్డదారి వెతుక్కుంటారు. లెక్కలో ‘మొత్తం’ అన్న మాట కనిపిస్తే కూడేయడం, ‘మిగిలింది’ అని ఉంటే తీసేయడం, ‘ఒక్కొక్కరికి’ అంటే భాగించేయడం! చిన్న తరగతుల్లో ఈ చిట్కాతో మార్కులు వచ్చేస్తాయి. నిష్పత్తుల పాఠం వచ్చేసరికి అసలు బండారం బయటపడుతుంది. అక్కడ అలాంటి ఆనవాళ్లేవీ ఉండవు మరి.

రమ్య లెక్కనే తీసుకోండి. చాలామంది పిల్లలు ఇలా చేస్తారు: ‘రమ్య వాటా 3 నుంచి 5 అయింది. అంటే రెండు వాటాలు పెరిగాయి. రెండు వాటాలు 50 రూపాయలైతే ఒక వాటా 25. కాబట్టి రమ్య దగ్గర 75, కిరణ్ దగ్గర 100.’ చూడ్డానికి బాగానే ఉంది. సరిచూస్తేనే తేడా తెలుస్తుంది. అమ్మమ్మ ఇచ్చిన 50 కలిపితే రమ్య దగ్గర 125 ఉంటాయి. 125:100 అంటే 5:4. లెక్కలో చెప్పింది 5:6 కదా! పైగా ఈ దారిలో వెళ్తే కిరణ్ వాటా కూడా 4 నుంచి 6కి పెరిగింది. అతనికి అమ్మమ్మ పైసా ఇవ్వలేదే!

పొరపాటంతా ఎక్కడుందంటే... నిష్పత్తిలోని అంకెల్ని రూపాయల్లా చూడటంలో. 3, 4 అనేవి రూపాయలు కావు, వాటాలు. ముందు చెప్పిన వాటా పరిమాణం వేరు, తర్వాత చెప్పిన వాటా పరిమాణం వేరు. ఒకే రొట్టెను నలుగురికి పంచితే వచ్చే ముక్క, ఆరుగురికి పంచితే వచ్చే ముక్క ఒకటే అవుతాయా? ఈ సంగతి మాటల్లో పదిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కదు. బొమ్మలో ఒక్కసారి చూస్తే చాలు, ఇక మర్చిపోరు.

అలా మొదలైంది...

సింగపూర్ 1965లో స్వతంత్ర దేశమైంది. చిన్న ద్వీపం. పంటభూముల్లేవు, గనుల్లేవు, తాగునీటికీ పొరుగు దేశం వైపు చూడాల్సిన పరిస్థితి. ఉన్న ఆస్తల్లా మనుషులే. కాబట్టి చదువు మీదే దృష్టి పెట్టింది. బడులు పెరిగాయి, పిల్లలు చేరారు. కానీ లెక్కల్లో మాత్రం అనుకున్న ఫలితం కనిపించలేదు.

పాఠ్యపుస్తకాల తయారీ కోసం అక్కడి విద్యాశాఖ 1980లో ఓ ప్రత్యేక సంస్థను ఏర్పాటుచేసింది. ప్రాథమిక తరగతుల గణితం బాధ్యతను ఖో టెక్ హాంగ్ నాయకత్వంలోని బృందానికి అప్పగించింది. కొత్త పుస్తకాలు రాసేముందు అసలు రోగమేంటో తెలుసుకోవాలనుకుంది ఆ బృందం. 1981లో ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా 17 వేల మందికి పైగా పిల్లలకు పరీక్ష పెట్టారు. ‘మొత్తం’, ‘మిగిలింది’ లాంటి ఆనవాలు మాటలున్న లెక్కల్ని రెండు నుంచి నాలుగు తరగతుల పిల్లల్లో 87 శాతం మంది చేసేశారు. ఆ మాటలు తీసేసి అడిగితే చేయగలిగింది 46 శాతమే! అంటే, పిల్లలు లెక్కను చదవడం లేదు. అందులో మాటల్ని వెతుక్కుంటున్నారంతే.

అప్పుడు ఆ బృందం ఆశ్రయించిన సూత్రం... అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పింది. కొత్త విషయాన్ని పిల్లలు మూడు మెట్లలో ఒంటబట్టించుకుంటారంటాడాయన. మొదట చేత్తో పట్టుకుని చేయాలి. తర్వాత బొమ్మగా చూడాలి. ఆ తర్వాతే అంకెలూ గుర్తులూ. మామూలుగా తరగతి గదుల్లో మొదటి మెట్టు మీంచి మూడోదానికి దూకించేస్తుంటారు. ఒకటో తరగతిలో పూసలు లెక్కపెట్టించి, పెద్దయ్యాక నేరుగా ‘ఎక్స్ అనుకో’ అంటారు. మధ్యలోని మెట్టే మాయం! సింగపూర్ బృందం ఆ మెట్టును కట్టింది. అదే బార్ మోడల్. 1980ల్లో అక్కడి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఈ పట్టీలు ఈనాటికీ కొనసాగుతున్నాయి. అక్కడి స్థానిక బడుల్లో చదివే తెలుగు పిల్లలదీ ఇదే దారి.

మారనిదాన్ని పట్టుకో!

నిష్పత్తి మారే డబ్బు లెక్కలు చూడ్డానికి వందరకాలుగా ఉంటాయి. ఒకరు కొంటారు, ఒకరు ఇస్తారు, ఇద్దరూ ఖర్చుచేస్తారు, బామ్మ ఇద్దరికీ చెరో నోటు ఇస్తుంది... కానీ వాటి గుట్టు ఒక్కటే ప్రశ్నలో ఉంటుంది. ‘ఇంత జరిగినా మారనిది ఏది?’ అన్నదే ఆ ప్రశ్న. దానికి మూడే ప్రధాన జవాబులు. ఒకరి డబ్బు మారకపోవచ్చు. ఇద్దరి మొత్తం మారకపోవచ్చు. ఇద్దరి మధ్య తేడా మారకపోవచ్చు. మారనిదేదో తేలిందా... సగం లెక్క అయిపోయినట్టే.

ఒకరి డబ్బు మారనప్పుడు...

రమ్య లెక్క ఈ కోవలోదే. అమ్మమ్మ డబ్బు ఇచ్చింది రమ్యకు. కిరణ్ జేబులో డబ్బు అలాగే ఉంది. ముందు గీసే బొమ్మ ఇదీ:

రమ్య: □□□
కిరణ్: □□□□

తర్వాతి బొమ్మలో కిరణ్‌కు 6 గళ్లు, రమ్యకు 5 గళ్లు. కానీ కిరణ్ పట్టీ పొడవు మారకూడదు. ఒకే పట్టీని ఒకసారి నాలుగు ముక్కలు, ఇంకోసారి ఆరు ముక్కలు చేశామన్నమాట. రెండింటికీ సరిపోయేలా చేయాలంటే 12 ముక్కలు చేయాలి. క.సా.గు. ఎందుకు నేర్చుకున్నామో పిల్లలకు అర్థమయ్యేది ఇక్కడే! ఇప్పుడు 3:4 కాస్తా 9:12 అవుతుంది. 5:6 కాస్తా 10:12 అవుతుంది.

ముందు రమ్య: □□□□□□□□□
తర్వాత రమ్య: □□□□□□□□□□

కిరణ్‌వి అవే 12 గళ్లు. రమ్యవి 9 నుంచి 10 అయ్యాయి. పెరిగింది ఒకే ఒక గడి. అదే అమ్మమ్మ ఇచ్చిన 50 రూపాయలు. కాబట్టి మొదట రమ్య దగ్గర 9 గళ్లు అంటే 450, కిరణ్ దగ్గర 12 గళ్లు అంటే 600. సరిచూద్దామా? 450కి 50 కలిపితే 500. 500:600 అంటే 5:6. సరిపోయింది. ఎక్స్ ఎక్కడా రాలేదు.

మొత్తం మారనప్పుడు...

‘అన్నయ్య, చెల్లి దగ్గరున్న డబ్బుల నిష్పత్తి 3:1. అన్నయ్య చెల్లికి 80 రూపాయలు ఇచ్చాడు. ఇప్పుడు నిష్పత్తి 7:5. మొదట ఎవరి దగ్గర ఎంత?’

ఇక్కడ ఇద్దరి డబ్బూ మారింది. కానీ డబ్బు ఇల్లు దాటలేదు. ఈ జేబులోంచి ఆ జేబులోకి వెళ్లిందంతే. ఇద్దరి మొత్తం అలాగే ఉంది. ముందు మొత్తం 4 గళ్లు, తర్వాత 12 గళ్లు. పొడవు ఒకటే కాబట్టి మొదటి పట్టీలో ప్రతి గడినీ మూడు ముక్కలు చేస్తే రెండూ సమానమవుతాయి. 3:1 కాస్తా 9:3 అవుతుంది.

ముందు: అన్నయ్య □□□□□□□□□, చెల్లి □□□
తర్వాత: అన్నయ్య □□□□□□□, చెల్లి □□□□□

అన్నయ్య దగ్గర్నుంచి రెండు గళ్లు వెళ్లాయి, చెల్లి దగ్గరకు అవే రెండు గళ్లు వచ్చాయి. రెండు గళ్లు 80 రూపాయలైతే ఒకటి 40. అన్నయ్య దగ్గర మొదట 360, చెల్లి దగ్గర 120. ఇచ్చాక 280, 200. అంటే 7:5.

తేడా మారనప్పుడు...

‘హరి, సురేష్‌ల దగ్గరున్న డబ్బుల నిష్పత్తి 5:3. ఇద్దరూ పుస్తకాల ఎగ్జిబిషన్‌కు వెళ్లి చెరో 140 రూపాయల పుస్తకం కొన్నారు. మిగిలిన డబ్బుల నిష్పత్తి 4:1.’

పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. హరి డబ్బు మారింది, సురేష్ డబ్బు మారింది, మొత్తమూ మారింది. మరి మారనిదేముంది? ఇద్దరి మధ్య తేడా! హరి దగ్గర సురేష్ కన్నా ఎన్ని రూపాయలు ఎక్కువున్నాయో, ఇద్దరూ సమానంగా ఖర్చుపెట్టాక కూడా అన్నే ఎక్కువుంటాయి. అన్నదమ్ముల వయసుల్లో తేడా ఏళ్లు గడిచినా మారదు చూడండి, అలాగే.

ముందు తేడా 5లోంచి 3 తీస్తే 2 గళ్లు. తర్వాత తేడా 4లోంచి 1 తీస్తే 3 గళ్లు. రెండూ ఒకటే కాబట్టి ఆరు గళ్లు చేద్దాం. 5:3ని మూడుతో హెచ్చిస్తే 15:9. 4:1ని రెండుతో హెచ్చిస్తే 8:2. హరివి 15 నుంచి 8కి తగ్గాయి, సురేష్‌వి 9 నుంచి 2కి తగ్గాయి. ఇద్దరికీ తగ్గింది ఏడేసి గళ్లే. ఏడు గళ్లు 140 రూపాయలైతే ఒకటి 20. హరి దగ్గర 300, సురేష్ దగ్గర 180 ఉండేవి.

అన్నీ మారినప్పుడు...

అసలు మారనిదంటూ ఏదీ లేని లెక్కలూ ఉంటాయి. ‘రమ్య, కిరణ్‌ల డబ్బుల నిష్పత్తి 4:3. రమ్యకు ఇంకో 20 రూపాయలు వచ్చాయి. కిరణ్ 70 ఖర్చుచేశాడు. ఇప్పుడు రమ్య దగ్గర కిరణ్‌కు రెట్టింపు ఉంది.’ ఇలాంటప్పుడు చివరి బొమ్మనుంచి ఆలోచించాలి. కిరణ్ పట్టీలాంటివి రెండు పక్కపక్కన పెడితే రమ్య పట్టీ అవుతుంది. కిరణ్ పట్టీ అంటే 3 గళ్లలో 70 తక్కువ. అలాంటివి రెండంటే 6 గళ్లలో 140 తక్కువ. రమ్య పట్టీ అంటే 4 గళ్లకు 20 ఎక్కువ. ఈ రెండూ సమానం. 4 గళ్లకు 20 కలిపినా, 6 గళ్లలోంచి 140 తీసినా ఒకేచోటికి వస్తున్నాం కాబట్టి, మధ్యలో ఉన్న రెండు గళ్లు 160 రూపాయలు. ఒక గడి 80. రమ్య దగ్గర 320, కిరణ్ దగ్గర 240. సరిచూస్తే... 340, 170. సరిగ్గా రెట్టింపు.

జాగ్రత్తగా చూస్తే ఇది బీజగణితమే. గడి అన్న చోటల్లా ఎక్స్ అని రాస్తే సమీకరణం సిద్ధం. తేడా ఏంటంటే, పిల్లాడు ఆ ఎక్స్‌ను ముందే కళ్లతో చూశాడు. దాని పొడవు ఎంతో, అది దేనితో సమానమో తెలుసు. అందుకే హైస్కూల్లో సమీకరణాలు వచ్చినప్పుడు అవి వాడికి పాత చుట్టాల్లాగే కనిపిస్తాయి.

పోటీ పరీక్షల్లోనూ...

ఇదంతా చిన్నపిల్లల వ్యవహారమనుకుంటే పొరపాటే. బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ చదివేవాళ్లకు బాగా తెలిసిన లెక్క ఒకటుంది. ‘శేఖర్, మురళిల నెలసరి ఆదాయాల నిష్పత్తి 7:5. ఖర్చుల నిష్పత్తి 3:2. ఇద్దరూ నెలకు చెరో 3,000 ఆదాచేస్తారు. వారి ఆదాయాలెంత?’ మామూలుగా రెండు సమీకరణాలు రాసి, ఒకదాన్ని మూడుతో, ఇంకోదాన్ని రెండుతో హెచ్చించి, తీసివేసి... అంతా అయ్యేసరికి రెండు నిమిషాలు పోతాయి.

గళ్లతో చూడండి. ఆదాయంలోంచి ఆదా తీస్తే ఖర్చు. ఇద్దరి ఆదాయంలోంచీ తీస్తున్నది ఒకే మొత్తం, 3,000. అంటే ఇది హరి, సురేష్‌ల పుస్తకాల లెక్కే! తేడా మారదు. ఆదాయాల్లో తేడా 2 గళ్లు, ఖర్చుల్లో తేడా 1. ఖర్చుల్ని రెట్టింపు చేస్తే 6:4. శేఖర్‌ది 7 నుంచి 6కి తగ్గింది. ఆ ఒక్క గడే 3,000. శేఖర్ ఆదాయం 21,000, మురళిది 15,000. ఖర్చులు 18,000, 12,000. నోటితోనే అయిపోయింది.

మన దగ్గరా ఉన్నాయి

మారే వాటాల మీద బుర్ర పదునుపెట్టడం ఈనాటిది కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, అంటే 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. 11వ శతాబ్దపు కవి పావులూరి మల్లన దాన్నే తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథాల్లో అదొకటి. మహావీరాచార్యుడి పుస్తకంలో సరదా అయిన డబ్బుసంచి లెక్క ఒకటుంది.

ముగ్గురు వర్తకులు దారిలో వెళ్తూ ఓ డబ్బుసంచి చూశారు. ‘ఈ సంచి నాకు దొరికితే మీ ఇద్దరి దగ్గరున్న డబ్బుకు నా డబ్బు రెట్టింపవుతుంది’ అన్నాడు మొదటివాడు. ‘నాకే దొరికితే మీ ఇద్దరి డబ్బుకు మూడు రెట్లవుతుంది’ అన్నాడు రెండోవాడు. ‘నాకైతే అయిదు రెట్లు’ అన్నాడు మూడోవాడు. సంచిలో ఎంతుంది? ఒక్కొక్కరి దగ్గర ఎంతుంది?

మారనిదేదో వెతకండి. సంచి ఎవరికి దొరికినా... సంచి, ముగ్గురి డబ్బు కలిపిన మొత్తం మారదు. మొదటివాడికి దొరికితే అతనిది రెండు భాగాలు, మిగతా ఇద్దరిదీ ఒక భాగం. అంటే ఆ ఇద్దరి డబ్బు మొత్తంలో మూడోవంతు. రెండోవాడికి దొరికితే మిగతా ఇద్దరిది నాలుగోవంతు. మూడోవాడికి దొరికితే మిగతావాళ్లది ఆరోవంతు. మొత్తాన్ని 24 గళ్లు అనుకుంటే మూడోవంతు 8, నాలుగోవంతు 6, ఆరోవంతు 4. వీటిని కలిపితే 18. ఇందులో ప్రతి వర్తకుడూ రెండేసిసార్లు వచ్చాడు కాబట్టి ముగ్గురిదీ కలిపి 9. అందులోంచి 8 తీస్తే మొదటివాడిది 1, 6 తీస్తే రెండోవాడిది 3, 4 తీస్తే మూడోవాడిది 5. సంచిలో ఉన్నది 24లోంచి 9 పోగా 15. 12 గళ్లు అనుకుని మొదలుపెట్టినా ఫర్వాలేదు, సగాలు వస్తాయంతే. వెయ్యేళ్లు దాటిన లెక్క కూడా గళ్లకు లొంగిపోయింది!

పేరొచ్చింది... పరీక్షా వచ్చింది

వివిధ దేశాల పిల్లల గణిత, విజ్ఞానశాస్త్ర ప్రతిభను పోల్చే ‘టిమ్స్’ పరీక్ష 1995లో మొదలైంది. ఆ ఏడాది నాలుగో తరగతి, ఎనిమిదో తరగతి గణితం రెండింటిలోనూ సింగపూర్‌దే మొదటి స్థానం. 2023లోనూ రెండింటిలోనూ అదే. దాంతో అందరి చూపూ ఆ చిన్న దేశం పాఠ్యపుస్తకాల మీద పడింది. అమెరికాలో ‘సింగపూర్ మ్యాథ్’ పేరుతో పుస్తకాలు అమ్ముడయ్యాయి. ఇంగ్లండ్ ప్రభుత్వమైతే సింగపూర్, షాంఘై, హాంకాంగ్‌ల తరహా బోధనను 8,000 ప్రాథమిక పాఠశాలలకు చేర్చడానికి 2016లో 4.1 కోట్ల పౌండ్లు కేటాయించింది.

అలాగని గళ్లు గీయడం వల్లే ఇదంతా సాధ్యమైందనుకోకూడదు. టీచర్ల శిక్షణ, తక్కువ పాఠాల్ని లోతుగా చెప్పడం, ఇళ్లలో చదువుకిచ్చే ప్రాధాన్యం... అన్నీ కలిశాయి. దానికి ఇంకో పార్శ్వమూ ఉంది. ఆరో తరగతి చివర్లో రాసే పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలో మార్కుల్ని బట్టే అక్కడ పిల్లలకు హైస్కూల్లో సీటు వస్తుంది. కాబట్టి ట్యూషన్లు మామూలే. ఏ రకం లెక్కకు ఏ బొమ్మ గీయాలో బట్టీపట్టించడమూ మామూలే. అలా బట్టీపడితే బొమ్మకూ ‘మొత్తం అంటే కూడు’ చిట్కాకూ తేడా ఉండదు.

2021 పరీక్షలో వచ్చిన ఓ నాణేల లెక్క సింగపూర్‌లో పెద్ద చర్చకే దారితీసింది. హెలెన్, ఇవాన్‌ల దగ్గర నాణేల సంఖ్య సమానం. ఇద్దరి దగ్గరా ఉన్నవి 50 సెంట్లు, 20 సెంట్ల నాణేలే. హెలెన్ దగ్గర 20 సెంట్లవి 64, ఇవాన్ దగ్గర 104. ఎవరి దగ్గర ఎక్కువ డబ్బుంది, ఎంత ఎక్కువ? 50 సెంట్ల నాణెం 20 సెంట్ల దానికన్నా 2.7 గ్రాములు బరువు. హెలెన్ నాణేల బరువు 1.134 కిలోలైతే ఇవాన్‌వి ఎంత?

చాలామంది పిల్లలు 50 సెంట్ల నాణేలు ఎన్నున్నాయో కనుక్కోవడానికి కుస్తీపట్టారు. ఆ సంఖ్యతో పనే లేదు! మారనిదేది? నాణేల సంఖ్య. ఇవాన్ దగ్గర 20 సెంట్లవి 40 ఎక్కువున్నాయంటే 50 సెంట్లవి 40 తక్కువున్నట్టే. ఒక్కో నాణెం దగ్గర 30 సెంట్ల తేడా. నలభై నాణేలకు 1,200 సెంట్లు, అంటే 12 డాలర్లు హెలెన్ దగ్గర ఎక్కువ. బరువులోనూ అంతే. 40 నాణేలకు 2.7 గ్రాముల చొప్పున 108 గ్రాములు తగ్గాలి. ఇవాన్ నాణేల బరువు 1.026 కిలోలు. బొమ్మల రకాలు బట్టీపట్టినవాళ్లు ఇరుక్కుపోయారు. ‘మారనిదేది?’ అని అడిగినవాళ్లకు రెండు వరుసల్లో తేలిపోయింది.

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి

పుస్తకాలూ యాప్‌లూ కొననక్కర్లేదు. గుప్పెడు చింతగింజలు, రెండు కాగితం పట్టీలు, కత్తెర ఉంటే చాలు.

* చిన్నపిల్లలైతే ముందు గింజలతోనే పంచమనండి. ‘నీకు రెండు, చెల్లికి మూడు’ చొప్పున పంచుకుంటూపోతే నిష్పత్తి అంటే ఏంటో చేతులకు తెలుస్తుంది. 2:3లో పంచినా చివరికి 10, 15 రావచ్చని వాళ్లే చెబుతారు.

* లెక్క చదవగానే అంకెలు పక్కన పెట్టి కథ చెప్పమనండి. ‘ఎవరెవరున్నారు? ముందేం జరిగింది? తర్వాతేమైంది?’ కథ చెప్పగలిగితే లెక్క అర్థమైనట్టే.

* ‘ముందు’ బొమ్మ, ‘తర్వాత’ బొమ్మ విడివిడిగా గీయించండి. రెండూ ఒకే బొమ్మలో కలిపేస్తేనే గందరగోళం.

* ‘మారనిదేది?’ అని అడగండి. వెంటనే మీరే చెప్పేయకండి. కాసేపు ఆగండి.

* ఒకే పట్టీని రెండురకాలుగా ముక్కలు చేయాల్సి వస్తే, నిజంగానే కాగితం పట్టీని మడిచి చూపించండి. నాలుగు మడతలు, ఆరు మడతలు పక్కపక్కన పెడితే పన్నెండు దానంతటదే కనిపిస్తుంది.

* జవాబు రాగానే పుస్తకం మూసేయనివ్వకండి. ఆ జవాబును మళ్లీ కథలో పెట్టి నిష్పత్తి సరిపోయిందో లేదో చూడమనండి. రమ్య దగ్గర 75 అని రాసిన పిల్లాడికి తన తప్పు తనకే దొరికేది ఈ మెట్టులోనే.

* బొమ్మ అందంగా రావాలని పట్టుబట్టొద్దు. స్కేలుతో గీయాల్సిన పనిలేదు. గళ్లు దాదాపు సమానంగా ఉంటే చాలు.

పిల్లాడికి బీజగణితం వచ్చేసిందా... అప్పుడు ఎక్స్‌తోనే చేయనివ్వండి. అంకెలు పెద్దవైనప్పుడు, వాటాలు వందల్లో ఉన్నప్పుడు గళ్లు గీస్తూ కూర్చోవడం దండగ. నది దాటాక పడవను నెత్తిన పెట్టుకుని తిరగం కదా!

మీరూ ప్రయత్నించండి...

1. లలిత, రాజుల డబ్బుల నిష్పత్తి 5:2. లలిత 90 రూపాయలు ఖర్చుచేసింది. ఇప్పుడు నిష్పత్తి 7:4. మొదట ఎవరి దగ్గర ఎంత?

2. అక్క, తమ్ముడి డబ్బుల నిష్పత్తి 4:1. అక్క తమ్ముడికి 150 రూపాయలు ఇచ్చింది. ఇప్పుడు 3:2. మొదట ఎవరి దగ్గర ఎంత?

3. ఇద్దరు మనవళ్ల దగ్గరున్న డబ్బుల నిష్పత్తి 1:3. పండక్కి తాతయ్య ఇద్దరికీ చెరో 100 ఇచ్చాడు. ఇప్పుడు 1:2. మొదట ఎవరి దగ్గర ఎంత?

జవాబులు: 1. లలిత 300, రాజు 120 (రాజు డబ్బు మారలేదు). 2. అక్క 600, తమ్ముడు 150 (మొత్తం మారలేదు). 3. ఒకరి దగ్గర 100, ఇంకొకరి దగ్గర 300 (తేడా మారలేదు).